ఆభా నంబర్ తెలిస్తే మా నాన్న రిపోర్టులు ఎవరైనా చూసేయొచ్చా?

చూడలేరు. ఆభా అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబర్; ఆ 14 అంకెలు తెలిసినంత మాత్రాన ఏ ఫైలూ తెరుచుకోదు. హన్మకొండలో తీయించిన స్కాన్ రిపోర్టు ఆ సెంటర్ దగ్గరే ఉంటుంది, ఆభాకు లింక్ చేస్తేనే మీ ఫోన్‌లోని ఆభా యాప్‌లో కనిపిస్తుంది. రేపు ఇంకో ఆస్పత్రి డాక్టర్ అడిగితే ఫోన్‌కు రిక్వెస్ట్ వస్తుంది: ఏ రికార్డులు, ఏ తేదీలవి, ఎప్పటిదాకా చూడాలి అని. చదవకుండా ఓకే నొక్కకండి. ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు కూడా చేయొచ్చు.

అసలు లొల్లంతా ఆభా తీసుకునేటప్పుడు ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనే. ఆధార్‌కు నాన్న పాత నంబర్ ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో మార్పించండి. నెట్ సెంటర్‌లో ఆభా చేయిస్తుంటే వాళ్ల ఫోన్ నంబర్ మాత్రం ఎక్కించనీయకండి. ఆస్పత్రి ఈ వ్యవస్థలో చేరకపోతే కాగితాల కవరే దిక్కు, ఫొటోలు తీసి మీరే యాప్‌లో పెట్టుకోవాలి.