ఇంట్లో బాగున్న టోన్ స్టేజి మీద ఎందుకు పాడవుతుంది?

గిటార్ ప్రాసెసర్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ల మీద, అంటే గిటార్ శబ్దానికి రకరకాల ఎఫెక్ట్స్ కలిపే పెట్టెల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. అందులో మనం చేసి దాచుకున్న సెట్టింగుల జట్టునే ప్యాచ్ అంటారు. బాస్ (BOSS) కంపెనీ జీటీ-1 మన దగ్గర చాలామంది చేతుల్లో ఉంది కాబట్టి అవసరమైన చోట దాని పేర్లే వాడుతున్నాం. వేరే మోడల్ ఉన్నవాళ్లు మెనూలో పేరు వెతుక్కుంటే చాలు, పద్ధతి అదే.

ప్రశ్న: ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో చేసుకున్న డిస్టార్షన్ ప్యాచ్ చాలా బాగుంటుంది. ఆదివారం చర్చిలో మిక్సర్‌కి కలిపితే గరగరలాడుతూ చెవుల్లో గుచ్చుకుంటోంది. అదే ప్యాచ్ మా ఫ్రెండ్ గిటార్ ఆంప్‌లో మొద్దుగా వస్తోంది. ప్రాసెసర్ పాడైందంటారా? (తెనాలి పాఠకుడు)

జవాబు: పాడవలేదండీ. సౌండ్ ఎక్కడికి వెళ్తోందో మెషీన్‌కి మీరు చెప్పలేదు, అంతే. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లోని గరుకు చాలావరకు ఆ పైనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్, హాల్లో ఉండే పీఏ బాక్సులు దాన్ని ఉన్నదున్నట్టు వినిపిస్తాయి. అందుకే ప్రాసెసర్‌లో స్పీకర్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్‌కు నకలు) పెట్టి ఆ పైభాగాన్ని కోసేస్తారు. ఆంప్‌కి కలిపినప్పుడు సిమ్యులేషన్ ఒకసారి, అసలు స్పీకర్ మరోసారి కోస్తాయి కాబట్టి టోన్ మొద్దుబారుతుంది.

అవుట్‌పుట్ సెలెక్ట్ తెరవండి. మిక్సర్‌కి, హెడ్‌ఫోన్స్‌కి లైన్/ఫోన్స్. ఆంప్ ముందున్న ఇన్‌పుట్‌లో పెడితే కాంబో ఆంప్ లేదా స్టాక్ ఆంప్. రోలాండ్ జేసీ-120 ఆంప్ ఉంటే దాని పేరే విడిగా ఉంటుంది. ఆంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్ ఉంటే అందులో పెట్టి, 'రిటర్న్' అని రాసి ఉన్న సెట్టింగ్ ఎంచుకోండి. మా దృష్టిలో ఇదే మేలు, ఎందుకంటే ఆంప్ సొంత బాస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలోకి రావు. ఈ సెట్టింగ్ ఒక్క ప్యాచ్‌కి కాదు, మెషీన్ మొత్తానికి. ఫ్రెండ్ ఇంట్లో మార్చి అలాగే చర్చికి తీసుకెళ్తే గరగర ఖాయం.

సెట్టింగ్ సరిగ్గానే ఉండి కూడా గుచ్చుకుంటుంటే కారణం మన చెవిలో ఉంది. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బాస్, పై ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. అందుకని ఇంట్లో రెండూ పెంచి, మిడ్ (మధ్య శ్రేణి) తగ్గించి ప్యాచ్ చేసుకుంటాం. పెద్ద బాక్సుల్లో ఆ పెంచిందంతా ఒక్కసారిగా బయటపడుతుంది. పైగా కింది బాస్‌లో కిక్ డ్రమ్, బాస్ గిటార్, కీబోర్డ్ ఎడమ చెయ్యి అప్పటికే ఉంటాయి. ఈక్వలైజర్‌లో కింది శబ్దాన్ని కోసే లో కట్ 100 హెర్ట్జ్ దగ్గర, పై శబ్దాన్ని కోసే హై కట్ 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టండి. 800 హెర్ట్జ్ - 1 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డీబీ పెంచండి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మూడో వంతు, రివర్బ్ (హాల్ మోతలాంటి ఎఫెక్ట్) సగం తగ్గించండి. హాల్‌కే సొంత రివర్బ్ ఉంటుంది. ఇదంతా అరగంట ముందు వెళ్లి, వాయించే వాల్యూమ్‌లోనే, బాక్సుల ముందు నిలబడి చెయ్యాలి. ఒంటరిగా వింటే కాస్త పలచగా అనిపించే టోనే బ్యాండ్‌లో స్పష్టంగా వినిపిస్తుంది.

ప్రశ్న: క్లీన్ (డిస్టార్షన్ లేని) నుంచి లీడ్‌ (సోలో) ప్యాచ్‌కి మారిస్తే సౌండ్ ఒక్కసారిగా ఎగురుతోంది, లేదంటే పడిపోతోంది. మారేటప్పుడు డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) కూడా తెగిపోతోంది. (కర్నూలు)

జవాబు: ముందు మీ క్లీన్ ప్యాచ్‌ను కొలబద్దగా పెట్టుకోండి. మిగతావాటిని ఆంప్ గెయిన్‌తో కాకుండా ప్యాచ్ లెవెల్‌తో దానికి సమం చెయ్యండి. గెయిన్ తిప్పితే టోనే మారిపోతుంది. మిక్సర్ మీటర్‌ను నమ్మొద్దు: క్లీన్‌లో మీటు దెబ్బకు ముల్లు పైకి ఎగిరి పడిపోతుంది, డిస్టార్షన్ మాత్రం ఒకే ఎత్తులో నిలబడుతుంది. రెండింటికీ మీటర్ ఒకటే చూపించినా చెవికి డిస్టార్షనే పెద్దగా ఉంటుంది. చెవితోనే సమం చెయ్యాలి. సోలోకి 3 నుంచి 4 డీబీ ఎక్కువ చాలు.

డిలే తెగడం చాలా మెషీన్లలో మామూలే. ప్యాచ్ మారితే లోపలి వరుస మొత్తం మళ్లీ లోడ్ అవుతుంది. ఒకే పాటలో రిథమ్, సోలో రెండూ కావాలంటే ప్యాచ్ మార్చకండి. ఒకే ప్యాచ్‌లో సీటీఎల్ (కంట్రోల్) పెడల్‌కి బూస్ట్ ఆన్, డిలే లెవెల్ పెంపు రెండూ అసైన్ చెయ్యండి. తెగడం ఉండదు. ఏది మార్చినా రైట్ (సేవ్) చెయ్యకుండా పక్క ప్యాచ్‌కి వెళ్తే పోతుంది. ఇంకొకటి, పాటల వరుసలో ప్యాచ్‌లు పేర్చుకోకండి, పాటల వరుస స్టేజి మీదే మారిపోతుంది. క్లీన్, క్రంచ్, లీడ్, యాంబియెంట్ అని నాలుగు పక్కపక్కన పెట్టుకుంటే కాలు తడబడదు.

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. కొన్ని ఊళ్లలో గుయ్యిమని విపరీతమైన హమ్. నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని మూసేసే ఎఫెక్ట్) పెంచితే నోట్లు మధ్యలో తెగిపోతున్నాయి. (వరంగల్)

జవాబు: గేట్ ముట్టుకోకముందు హమ్ ఎక్కడ పుడుతోందో తేల్చండి. గిటార్ వాల్యూమ్ సున్నా చెయ్యండి. హమ్ పోతే అది పికప్‌ది, అంటే తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగానిది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబ్‌లైట్ చోక్, లైట్ డిమ్మర్ల నుంచి అయస్కాంత క్షేత్రాన్ని లాక్కుంటుంది. నిలబడ్డచోటే మెల్లగా తిరిగి చూడండి, ఒక దిక్కున బాగా తగ్గుతుంది. అటే తిరిగి వాయించండి. డిమ్మర్ ర్యాక్‌కి, ఆంప్‌కి దూరం జరగండి.

వాల్యూమ్ సున్నా చేసినా హమ్ ఉంటే అడాప్టర్ తీసేసి నాలుగు ఏఏ సెల్స్ మీద నడిపి చూడండి. అప్పుడు పోతే తప్పు అడాప్టర్‌లోనో, దాని దారిలో ఏర్పడిన గ్రౌండ్ లూప్‌లోనో (ఎర్త్‌కి ఒకటికి మించి దారులు ఏర్పడటం) ఉంది. ప్రాసెసర్ ఒకేసారి ఆంప్‌కీ మిక్సర్‌కీ వెళ్తుంటే, లేదా యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిసి ఉంటే లూప్ సర్వసాధారణం. మిక్సర్ వైపు డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి.

హమ్ తగ్గుతుందని ఆంప్ ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ విరిచేసేవాళ్లు ఉన్నారు. ప్రాణం పోతుంది, ఎప్పుడూ చెయ్యకండి. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. కానీ తీగలు పట్టుకుని మైక్‌కి పెదవి తగిలితే జివ్వుమంటే ఆ స్టేజికి ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. గిటార్ కింద పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, సరిచేసేదాకా వాయించకండి.

మిగిలిన కొద్దిపాటి రొదకే గేట్. దాన్ని డ్రైవ్ తర్వాత, డిలే, రివర్బ్‌లకు ముందు పెట్టండి. త్రెషోల్డ్ (గేట్ మూసుకునే హద్దు) సున్నా నుంచి పెంచుతూ, చేతులు తీసినప్పుడు రొద ఆగిన చోటే ఆపండి.

ప్రశ్న: కీబోర్డ్ 9 వోల్టుల అడాప్టర్ ప్రాసెసర్‌కి పెట్టొచ్చా? (భీమవరం)

జవాబు: వోల్టులు సరిపోతే చాలదు. బాస్ కంపెనీ ప్రాసెసర్లకు మధ్య పిన్ నెగెటివ్ కావాలి, చాలా అడాప్టర్లకు మధ్య పిన్ పాజిటివ్. అడాప్టర్ మీద గుండ్రటి బొమ్మ చూడండి. డీసీ అని ఉండాలి, మిల్లీయాంప్స్ ప్రాసెసర్ అడిగినంత లేదా ఎక్కువ ఉండాలి. ఎక్కువుంటే నష్టం లేదు, తక్కువైతే మధ్యలో రీస్టార్ట్ అవుతుంది.

ప్రశ్న: డిలే పాట లయకు కలవడం లేదు. ముఖ్యంగా 6/8 పాటల్లో గందరగోళంగా ఉంటోంది. (విశాఖపట్నం)

జవాబు: 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. 96 టెంపోకి 625. దాన్ని 0.75తో గుణిస్తే 469, చాలామంది ఇష్టపడే డాటెడ్ ఎయిత్ అదే. 4/4లో ఇది అందంగా అల్లుకుంటుంది.

6/8 అంటే తిశ్ర గతి, ఒక్కో దెబ్బలో మూడు భాగాలు. దెబ్బకు 1000 మిల్లీసెకండ్లు అనుకుంటే ఒక భాగం 333. డిలే 333 లేదా 667 పెట్టండి. ఇక్కడ డాటెడ్ ఎయిత్ అంటే ఒకటిన్నర భాగం, అది పెడితే 500 అవుతుంది, అంటే మూడుగా నడిచే దెబ్బను రెండుగా చీలుస్తుంది. మీరు వింటున్న గందరగోళం అదే. ఫీడ్‌బ్యాక్ రెండు మూడు ప్రతిధ్వనులకు మించనివ్వకండి. ట్యాప్ టెంపో వాడేటట్టయితే డోలక్‌ని కాకుండా హై-హ్యాట్‌ని లేదా క్లిక్‌ని చూసి నొక్కండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక కృతులు వాయిస్తున్నాను. ఎఫెక్ట్ పెడితే గమకాలు కలగాపులగం అవుతున్నాయి. హార్మనీ ఎఫెక్ట్ రాగం బయటికి పోతోంది. (చెన్నై)

జవాబు: కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ వాద్యం కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే గమకాలన్నీ పలికించారు. ప్రాసెసర్‌లో మీకు కావలసింది కొంచెమే. మొదట కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసేది): సస్టెయిన్ 100కి 40 దగ్గర పెడితే జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) చివరి దాకా స్వరం నిలుస్తుంది. తర్వాత క్లీన్ ఆంప్, చివర చిన్న రివర్బ్. కోరస్, ఫ్లాంజర్, ఫేజర్ వద్దు. కోరస్ శ్రుతిని అటూ ఇటూ ఊపి కలుపుతుంది, దాని మధ్య మీ కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వినపడదు. డిలే కావాలంటే లెవెల్ 15 లోపు ఉంచండి. దాటితే కింద నుంచి లాగిన స్వరం మీద పాత స్వరం ఇంకా మోగుతూ ఉంటుంది. గేట్ పూర్తిగా ఆపేయండి, జారు తోకను తినేస్తుంది.

హార్మనీ ఎఫెక్ట్‌కి మేజర్, మైనర్ స్కేళ్లే తెలుసు. మాయామాళవగౌళ ఇస్తే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం దగ్గర తప్పుతుంది. యూజర్ స్కేల్ ఉన్న మెషీన్‌లో ఒక్కో స్వరానికి మీరే దూరం ఇవ్వాలి. ఒక స్వరం విడిచి పైస్వరం కావాలంటే స, రి, ప, ద లకు 4 అర్ధస్వరాలు, గ, మ లకు 3. ని దగ్గర మాత్రం పైనున్న రి రెండే అర్ధస్వరాల దూరం, ఒరుసుకుంటుంది. అక్కడ షడ్జమం గానీ మరోటి గానీ ఎంచుకోండి. ఇంత చేసినా ఊపు గమకంలో హార్మనీ గొంతు మెట్లు మెట్లుగా గెంతుతుంది, ఎందుకంటే మెషీన్ ప్రతి క్షణం ఏ స్వరమో ఊహించుకుని మారుతుంది. నిలకడ స్వరాలున్న నోటు స్వరాలు, చిట్టస్వరాల వంటి చోట్లకే దాన్ని ఉంచి, ఆలాపనలో పెడల్‌తో ఆపేయడం మంచిది. శ్రుతి మార్చడానికి పిచ్ షిఫ్టర్ వాడొద్దు, తీగ మీటడానికీ శబ్దానికీ మధ్య ఆలస్యం వేలికి తెలుస్తుంది. తీగల్నే శ్రుతి చేసుకోండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే నా ప్యాచ్‌లు పోతాయా? (నల్గొండ)

జవాబు: కొన్ని మోడళ్లలో పోతాయి. ముందు యూఎస్‌బీతో కలిపి కంపెనీ ఎడిటర్ యాప్‌లో అన్నింటినీ బ్యాకప్ చేసుకోండి, ముఖ్యమైన ప్యాచ్‌ల నాబ్ విలువలు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉండాలి. ప్రాసెసర్‌ను సెల్స్ మీద కాకుండా ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లో అడాప్టర్‌తో నడపండి. సగంలో కరెంటు పోతే మెషీన్ ఆన్ కాకుండా పోవచ్చు. కచేరీకి ముందురోజు మాత్రం అప్‌డేట్ జోలికి వెళ్లకండి.