1996 ‘డాక్టర్ హూ’ టీవీ సినిమా సిరీస్‌గా ఎందుకు మారలేదు?

అందులో డాక్టర్‌గా వేసిన పాల్ మెగాన్‌ని అందరూ మెచ్చుకుంటారు కదా, మరి ఆ సినిమా సిరీస్ ఎందుకు కాలేదని అడిగారు. చాలామంది నెపం ముద్దు సీను మీదికో, గ్రహాంతరవాసి అయిన డాక్టర్‌ని ‘సగం మనిషి’ అన్నందుకో నెట్టేస్తారు. అవి చిన్న విషయాలు. మొదటి ఇరవై నిమిషాల్లోనే కథ చేజారింది.

‘డాక్టర్ హూ’ 1989లో ఆగిన బ్రిటిష్ సిరీస్. కాలంలో తిరుగుతూ, చావు దగ్గరికొస్తే ముఖం మార్చుకుని బతికే డాక్టర్ కథ అది. ఈ సినిమాని 1996 మే 14న అమెరికాలో ఫాక్స్ టీవీలో వేశారు. అక్కడ డాక్టర్ ఎవరో తెలిసినవాళ్లే తక్కువ. వాళ్లకి వచ్చీరాగానే డాక్టర్ శత్రువులైన డాలెక్‌లు, వాళ్ల గ్రహం స్కారో, అక్కడ డాక్టర్ పాత విరోధి మాస్టర్‌కి మరణశిక్ష, అతని అస్థికలు డాక్టర్ సొంత గ్రహం గాలిఫ్రేకి తీసుకెళ్లడం! గొంతు మెగాన్‌ది, తెర మీద మనిషి పాత డాక్టర్‌గా వేసిన సిల్వెస్టర్ మెకాయ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో తన కాలయంత్రం టార్డిస్ లోంచి బయటికి రాగానే మెకాయ్‌కి తూటాలు తగులుతాయి. ఆయనకి రెండు గుండెలున్నాయని తెలియని సర్జన్ గ్రేస్ ఆపరేషన్ బల్ల మీద ఆయన్ని చంపేస్తుంది. మార్చురీలో కొత్త ముఖంతో లేచిన డాక్టర్‌కి తనెవరో గుర్తుండదు. చూసేవాడికీ తెలియదు, హీరోకీ తెలియదు! పెళ్లిచూపులకొచ్చినవాళ్లకి పాత సంబంధం ఎలా చెడిందో చెప్పినట్టుంది.

2005లో సిరీస్‌ని మళ్లీ మొదలుపెట్టిన రస్సెల్ టి డేవిస్ ఈ పని చేయలేదు. ‘రోజ్’ ఎపిసోడ్ బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి కళ్లతో మొదలవుతుంది. డాక్టర్ గురించి ఆమెకి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. ముఖం మారడాన్ని పదమూడో ఎపిసోడ్ చివరిదాకా దాచాడు.

‘సగం మనిషి’ గొడవకి కారణం కూడా కథ అవసరమే. టార్డిస్‌కి శక్తినిచ్చే ‘ఐ ఆఫ్ హార్మనీ’ తెరుచుకోవడానికి మనిషి కన్ను కావాలి, అందుకే మాస్టర్ చాంగ్ లీ అనే కుర్రాణ్ని వాడుకుంటాడు. మరి డాక్టర్ టార్డిస్‌లో అలాంటి తాళం ఎందుకు? దానికే డాక్టర్ సగం మనిషి అనే ఆ అతుకు. అసలు 1976 నాటి కథలో ఆ ఐ గాలిఫ్రేలో ఉండేది, ఇక్కడ టార్డిస్‌లోకి తెచ్చి పెట్టారు. చివర్లో కాలం వెనక్కి తిరిగి చచ్చినవాళ్లు లేవడం మాత్రం పచ్చి బద్ధకం.

అమెరికాలో సుమారు 56 లక్షల మంది చూశారు, బ్రిటన్‌లో మే 27న 90 లక్షలు దాటారు. సిరీస్ తీయాలా వద్దా అన్న నిర్ణయం ఫాక్స్ చేతిలో ఉన్నప్పుడు బ్రిటన్ లెక్క ఎవరిక్కావాలి?

మెగాన్ మాత్రం విగ్గుతో కూడా అదరగొట్టాడు. కొవ్వొత్తులు, పుస్తకాలతో ఉన్న ఆ టార్డిస్ సెట్ ఇప్పటికీ నాకిష్టం. ఎరిక్ రాబర్ట్స్ అతి చేశాడంటారు. మాస్టర్ అతి చేయకపోతే ఇంకెవరు చేస్తారండీ!

కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టకండి. ‘రోజ్’ నుంచి వచ్చి, 2013 నాటి ‘నైట్ ఆఫ్ ది డాక్టర్’కి ముందు ఇది చూడండి. ఆ ఏడు నిమిషాల్లో మెగాన్ డాక్టర్ కథ ముగుస్తుంది. ఇంకా కావాలంటే 2001 నుంచి బిగ్ ఫినిష్ అనే కంపెనీ తెచ్చిన ఆడియో నాటకాలున్నాయి, ‘స్టార్మ్ వార్నింగ్’ మొదటిది.