మూడు మగ్గాలకు ఆఫీసు కావాలా?

ప్రశ్న: మా ఇంట్లో మూడు మగ్గాల మీద నేను, మా ఆయన, మా మరిది జంపఖానాలు (దర్రీలు) నేస్తాము. హైదరాబాదులోని ఒక హోటల్ వారు 40 దర్రీలకు ధర అడిగితే ఫోన్‌లో ఒక ఫొటో, ధర పంపాము. ఆ తర్వాత జవాబు లేదు. చిన్నవాళ్లమని వదిలేశారేమో! హన్మకొండలో ఆఫీసు అద్దెకు తీసుకుని, కార్డు మీద 'ఇండస్ట్రీస్' అని వేయించమని బంధువులు అంటున్నారు. చేయమంటారా?
– ఒక పాఠకురాలు, కొత్తవాడ, వరంగల్

జవాబు: అద్దె డబ్బు నూలుకు పెట్టండి. హోటల్ వారు ఎందుకు మౌనం వహించారో చెప్పలేను గాని, ధర అడిగిన మేనేజరు దానిని తన పైవారికి చూపాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, పక్కన ఒక అంకె ఆయనకు అందుకు చాలవు. ఆయనకు కావలసింది కొటేషన్. ఒక్క పేజీలో మీ పేరు, చిరునామా, తేదీ, వరుస సంఖ్య వేసి, 'నూలు దర్రీ, 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, ఎరుపు నలుపు చారలు, రెండు కొసలా కుచ్చులు' అని రాసి, ఒక్కొక్కదాని ధర, రవాణా ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో అందిస్తారు, అడ్వాన్సు ఎంత, ఈ ధర ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్నవి చేర్చండి. చేతి నేతలో కొలత అంగుళం అటూ ఇటూ కావచ్చన్న మాట కూడా ముందే రాస్తే, సరుకు దించిన రోజున గొడవ ఉండదు.

ఫొటో కూడా మార్చాలి. మంచం మీద పరిచిన దర్రీ, మూలన చెప్పుల జత కనిపించే ఫొటోలు నాకూ వస్తుంటాయి. పగటి వెలుతురులో, నీడపట్టున, ఖాళీ నేల మీద పరిచి తీస్తే ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది.

తెలంగాణలో సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షల రూపాయల అమ్మకం. నమోదు లేకుండా బిల్లులో 'జీఎస్టీ అదనం' అని వేయడం తప్పు. పెద్ద సంస్థలా కనిపించాలని కొందరు ఇదే చేసి చిక్కుల్లో పడతారు. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం చేసే 'ఉద్యం' నమోదు మాత్రం చేయించుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం కనుక మధ్యవర్తికి డబ్బివ్వనక్కరలేదు. నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొనుగోలుదారు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆ గడువు లెక్కకు తేదీ వేసిన బిల్లు, సరుకు ముట్టినట్టు వారి సంతకం మీ దగ్గర ఉండాలి.

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు ఇచ్చే జీఐ గుర్తు) వచ్చింది. అయితే ఆ గుర్తును మీ చీటీల మీద వాడాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. అంతవరకు 'కొత్తవాడలో మా మగ్గాల మీద నేసినది' అని రాయండి. 'ఇండస్ట్రీస్' కంటే కొనేవారికి అదే నచ్చుతుంది.

ఫోన్ విషయానికి వస్తే, వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకుని, ఎవరు ఎత్తినా ఒకే ధర చెప్పేలా కొటేషన్ల పుస్తకం దాని పక్కనే ఉంచండి. ఆ హోటల్ వారికి పాత ఫొటో ప్రస్తావన లేకుండా కొత్త కొటేషన్ ఈ వారమే పంపండి.