సముద్రం దగ్గర రెండు రాత్రులు

తిరుపతి,
బైరాగిపట్టెడ.

చి.ల.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో "మాకు కారు లేదు కదా పెద్దమ్మా, సముద్రానికి పోవాలంటే ఇక ప్యాకేజీ టూరే గతి" అన్నావు. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో మీ పెదనాన్నా నేనూ కారు కొన్నదీ లేదు, ఊళ్లు చూడకుండా ఇంట్లో కూర్చున్నదీ లేదు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

అద్దె కారు ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఒకసారి మేమూ ఆ పని చేశాం. మేం ఇసుకలో కూర్చున్నాం, డ్రైవరు రోడ్డు పక్కన సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. పాపం తిన్నాడో లేదో అని నాకు ఒకటే బెంగ. చీకటి పడకముందే బయల్దేరాలని ఆయన అరగంటకోసారి వచ్చి నిలబడేవాడు. ఆ రోజు సముద్రం కన్నా ఆ డ్రైవరు మొహమే ఎక్కువసార్లు చూశాం. బస్సు మన కోసం కాచుకుని ఉండదు. అదే దాని సుఖం.

ఇంకో సంగతి. మన తిరుపతి వాళ్లకు ఒక జబ్బుంది. ఊరు దాటితే చాలు, దారిలో ఏ గుళ్లున్నాయో వేళ్ల మీద లెక్కపెడతాం. కంచి మీదుగా పోతున్నామా, అయితే కామాక్షమ్మ, ఏకాంబరేశ్వరుడు, వరదరాజస్వామి. పూర్తయ్యేసరికి కాళ్లు పీక్కుపోయి సముద్రం చేరగానే నిద్ర. మీరు పోయేది విశ్రాంతికి. రోజూ కొండ కనపడే ఊళ్లో ఉంటున్నాం, రెండు రోజులు సెలవు పెడితే స్వామి ఏమీ అనుకోడు.

ఇక ఎక్కడికి అన్నది. మన పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, గూడూరు వైపు కలిశాయి కాబట్టి తిరుపతి జిల్లా అనే పేరుకు కాస్త తీరం దక్కింది. ఆ వైపున వాకాడు దగ్గర తూపిలిపాలెం ఉంది. బండి ఉన్న కుర్రాళ్లు పొద్దున పోయి సాయంత్రం రావడానికి బాగుంటుంది. మీకు వద్దు.

మైపాడు మాత్రం కొట్టిపారేయాల్సింది కాదు. నెల్లూరు దాకా రైలో బస్సో, నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు లోకల్ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కదా, ఆధార్ చూపించి నువ్వు ఇంటి నుంచి ఇసుక దాకా పైసా లేకుండా పోవచ్చు. అల్లుడు ఒక్కడే టిక్కెట్టు కొట్టించుకుంటాడు. చేపల పులుసు గురించి నేను చెప్పక్కర్లేదు, నెల్లూరు పేరే చెబుతుంది. కాకపోతే మైపాడులో ఉండటానికి గదులు కొద్దే. టూరిజం వాళ్ల రిసార్టులో ముందే ఖాయం చేసుకోకుండా అడుగు బయట పెట్టొద్దు. డబ్బులు చేతిలో తక్కువగా ఉంటే, ఒక్క రాత్రే అనుకుంటే, కళ్లు మూసుకుని మైపాడే పోండి.

పాండిచ్చేరి అని అల్లుడు అంటాడేమో. ఊరు చక్కనిదే, నడవడానికి చాలా బాగుంటుంది. సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు. కానీ ఆ రోడ్డు పొడవునా ఎక్కువ భాగం నల్ల బండరాళ్లే. ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చోవాలంటే చున్నాంబారు పోయి పడవెక్కాలి. మూడు రాత్రులుంటే పాండిచ్చేరి, రెండైతే కాదు.

నా ఓటు మహాబలిపురానికి. గుడి గోపురం పక్కనే అల కొట్టే చోటు కాబట్టి కాదు. ఊరు చిన్నది. బస్సు దిగిన చోటు, గది, హోటలు, సముద్రం, రాతి రథాలు అన్నీ కాలినడకన తిరగొచ్చు. కారు లేనివాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

వెళ్లే దారి చెబుతాను, ఇది నా అనుభవంలో తేలింది. అందరూ సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కు పోతారు. రైలు ప్రయాణం హాయే. అసలు కష్టం ఆ తర్వాత. సెంట్రల్ నుంచి తిరువాన్మియూరు దాకా ఊరంతా అడ్డంగా దాటి, అక్కడ సముద్రం వెంబడి పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పోయే బస్సు పట్టుకోవాలి. మధ్యాహ్నం ఎండలో చెన్నై ట్రాఫిక్‌లో ఆటోలో కూర్చుంటే మీ ఇద్దరికీ మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది. దాని బదులు తెల్లవారుజామున మన స్టేషన్‌లో పాండిచ్చేరి రైలు ఎక్కండి. అరక్కోణం, కంచి మీదుగా చెంగల్పట్టు పోతుంది. టైము రైల్వే యాప్‌లో ఒకసారి చూసుకోండి, మారుతుంటుంది. చెంగల్పట్టులో దిగితే మహాబలిపురం ముప్పై కిలోమీటర్లే, చెన్నై మొహం చూడక్కర్లేదు. రైలు తప్పిపోతే కంచి బస్సెక్కి, అక్కడ ఇడ్లీ తిని, చెంగల్పట్టు బస్సు మారండి. ఆలస్యమవుతుందంతే.

చెంగల్పట్టు బస్టాండులో అడిగేటప్పుడు "మామల్లపురం" అను. బోర్డుల మీద ఆ పేరే ఉంటుంది. నీకు అరవం చదవడం రాదు కాబట్టి కండక్టర్లనే అడుగు, సిగ్గుపడొద్దు. ఆ బస్సు తిరుక్కళుకుండ్రం మీదుగా పోతుంది. మన పెద్దవాళ్లు పక్షితీర్థం అనేది ఆ ఊరినే. మధ్యాహ్నం వేళ రెండు పక్షులు కొండ మీదికి వచ్చి ప్రసాదం తిని పోయేవని మా అమ్మ కథలు కథలుగా చెప్పేది. కిటికీలోంచి కొండకు దండం పెట్టుకో, చాలు. దిగొద్దు.

ఎప్పుడు పోవాలన్నది ఎక్కడికి పోవాలన్నదాని కన్నా ముఖ్యం. శుక్ర, శనివారాల్లో చెన్నై జనమంతా మన కొండకు వస్తారు, ఆదివారం సాయంత్రం తిరిగి పోతారు. ఆ ఆదివారం సాయంత్రం మీరు అటు బయల్దేరారో, రైల్లో ఒంటికాలి మీద నిలబడతారు. అరవవాళ్ల పెరటాసి నెలలో శనివారాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా శని, ఆదివారాల్లో చెన్నై వాళ్లు మహాబలిపురం మీద కూడా పడతారు, గదుల రేట్లు పెరుగుతాయి. సోమవారమో మంగళవారమో బయల్దేరి రెండు రాత్రులుండి రండి. అల్లుడికి ఆఫీసులో సెలవు దొరకదంటావా? పెళ్లి చూపులకు దొరికింది కదా.

నెలల్లో జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి వానలు, తుపాన్లు. మేలో అయితే పదింటికే ఇసుక పెనం అవుతుంది.

ఇప్పుడొక రహస్యం చెబుతాను. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలో మునగడం మనకు కనపడదు, పొద్దున లేవడం మాత్రమే. సూర్యాస్తమయం కోసం సాయంత్రం సముద్రం వైపు చూసేవాళ్లు మెడనొప్పితో ఇంటికి పోతారు. కానీ చంద్రుడు? పౌర్ణమి నాడు సూర్యుడు వెనక దిగే వేళకే నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. అయితే పౌర్ణమి నాడు పోవద్దు. ఆ రోజు కొండ మీద గరుడ సేవ, అటు అరుణాచలం గిరిప్రదక్షిణ, ఏ బస్సూ ఖాళీ ఉండదు. మర్నాడు పోండి. ఆ రోజు చంద్రుడు ముక్కాలు గంట ఆలస్యంగా లేస్తాడు. అప్పటికి బాగా చీకటి పడి ఉంటుంది. నల్లటి నీళ్లలోంచి ఎర్రగా, కుంకుమ బొట్టులా పైకొస్తాడు. మీ పెదనాన్న ఎప్పుడూ ఒక్క పొగడ్త మాట కూడా అనని మనిషి, ఆ చంద్రుణ్ని చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకన్నా రాయను. ఒక్క మాఘ పౌర్ణమి అటూ ఇటూ రోజులు మాత్రం వదిలేయండి. ఇరుళ గిరిజనులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడి ఇసుకలోనే గుడారాలు వేసుకుని వాళ్ల దేవత కన్నెమ్మను కొలుచుకుంటారు. అది వాళ్ల పండగ, చూడాలని ఉంటే ఇంకోసారి అందుకోసమే పోదురు.

గది విషయంలో నేను తిన్న దెబ్బ మీరు తినొద్దు. ఒకసారి ఒక లాడ్జివాడు ఫోన్‌లో "సముద్రం ఎదురుగానేనమ్మా" అన్నాడు. నమ్మి డబ్బు కట్టేశాం. రాత్రి ఎనిమిదింటికి చేరి చూస్తే ఎదురుగా ఉన్నది సిమెంటు కొట్టు. పొద్దున్నే అడిగితే మేడ మీదికి తీసుకుపోయాడు. నీళ్ల ట్యాంకు ఎక్కి నిలబడితే కొబ్బరిచెట్ల సందులో నీలంగా ఒక గీత కనపడింది. మీ పెదనాన్న ట్యాంకు దిగి వచ్చి, "ఎదురుగానే ఉందిలే, ఆయన అబద్ధం చెప్పలేదు" అన్నాడు. అప్పటి నుంచి నేను ఒకటే ప్రశ్న అడుగుతాను: "గది తలుపు దగ్గర్నుంచి ఇసుకలో కాలు పెట్టడానికి ఎన్ని నిమిషాలు నడవాలి?" నిమిషాలు చెప్పనివాడి దగ్గర గది తీసుకోవద్దు. ఐదు నిమిషాల లోపైతే కాస్త ఎక్కువ డబ్బైనా పెట్టండి. కారు అద్దె మిగిలింది కదా, అది గదిలో పెట్టండి. ఇద్దరి ఆధార్ కార్డులూ అసలువి పట్టుకోండి. నీ కార్డులో ఇంకా పుట్టింటి పేరే ఉంది కాబట్టి లాడ్జివాడు రెండు ప్రశ్నలు అడిగితే కోపం తెచ్చుకోవద్దు.

అక్కడికి పోయాక ఏం చేయాలంటే, దాదాపు ఏమీ చేయొద్దు. పొద్దున ఆరింటికి ఒడ్డున కూర్చోండి. పడవలు తిరిగొచ్చే వేళ అది, వలలు దులుపుతుంటారు. ఆరబెట్టిన వలల మీద మాత్రం కూర్చోవద్దు, అది వాళ్ల బతుకుతెరువు. ఎండెక్కే లోపు ఒక పూట రథాలు, తీరం గుడి చూడండి. రెంటికీ ఒకటే టిక్కెట్టు, పారేసుకోకండి. ఇంకో పూట అద్దె సైకిళ్లు తీసుకుని ఉత్తరం వైపు ఐదు కిలోమీటర్లు పోతే సాళువన్‌కుప్పంలో పులి గుహ ఉంటుంది. చెట్ల నీడ, పక్కనే సముద్రం, జనం తక్కువ. 2004లో సునామీ నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ తీరంలో ఇసుక కింద కప్పబడిపోయిన చెక్కడాలు బయటపడ్డాయి. మిగతా మధ్యాహ్నాలన్నీ నిద్ర. నిజంగానే చెబుతున్నాను, ఫ్యాను కింద నిద్ర.

నీళ్ల దగ్గర నా మాట కచ్చితంగా వినాలి. ఆ సముద్రం చూడటానికి ఆటలా ఉంటుంది కానీ అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ మోసపోతారు. మోకాలి దాటి దిగొద్దు. అల్లుడికి కాలేజీలో ఈత పోటీల్లో కప్పు వచ్చిందని మీ అత్తగారు పెళ్లిలో అందరికీ చెప్పారు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి. చీకటి పడ్డాక నీళ్లలోకి అసలు వద్దు.

చక్రాల సూట్‌కేసు తీసుకుపోవద్దు. ఇసుకలో చక్రం తిరగదు, అప్పుడు దాన్ని మోసేది నువ్వు కాదు, అల్లుడు, మొహం ముడుచుకుని. చెరొక భుజం సంచి చాలు. పాత నూలు బట్టలు, రబ్బరు చెప్పులు, పరుచుకోవడానికి పల్చటి దుప్పటి, టార్చి, ఫోనుకు ప్లాస్టిక్ కవరు. దారికి పులిహోర నేనే కట్టిస్తాను. బట్టలకు ఇసుక అంటితే తడి మీద రుద్దొద్దు, ఆరాక దులిపితే అదే రాలిపోతుంది.

అసలు కష్టం ఇంకోటి ఉందని నాకు తెలుసు. నువ్వు సంచి సర్దడం మొదలుపెట్టగానే మీ అత్తగారు "మేము కూడా సముద్రం చూసి ఎన్నేళ్లయిందో" అంటారు. ఆడపడుచు పిల్లలు కూడా తయారవుతారు. మా అత్తగారూ అన్నారు, మేమూ తీసుకుపోయాం, ఏడుగురం. ఆ ప్రయాణంలో నేను సముద్రం దగ్గర స్టవ్ మీద అన్నం వండాను. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. బయల్దేరడానికి రెండు వారాల ముందే ఒక ఆదివారం ఆమెను శ్రీకాళహస్తికి తీసుకుపోయి, దర్శనం చేయించి, మంచి భోజనం పెట్టించి, తిరిగొచ్చే బస్సులో చెప్పించు: ఇద్దరికే గది దొరికింది, డబ్బులు కట్టేశాం అని. చెప్పాల్సింది నువ్వు కాదు, అల్లుడు. వాళ్లమ్మకు వాడే చెప్పాలి. వాడు నసిగితే నాకు ఫోన్ చేయించు.

మీరు లేని మూడు రోజులూ మీ మేడ మీది కుండీలకు నీళ్లు మీ పెదనాన్న పోస్తాడు, తాళం చెవి ఇచ్చి పోండి. నాకేమీ తేవద్దు. తేవాలనే ఉంటే, అక్కడ వీధుల్లో శిల్పులు రాళ్లు చెక్కుతూ కూర్చుంటారు, మిరియాలు నూరుకోవడానికి చిన్న కల్వం ఒకటి చూడు. బరువని అల్లుడు గొణిగితే వదిలేయ్, మిక్సీ ఉంది.

ఇట్లు,
నీ పెద్దమ్మ