రైస్ మిల్లులో పని వల్ల వినికిడి తగ్గుతోంది. ఉన్నదైనా కాపాడుకోవాలంటే ఏం చేయాలి? పని మానేయాలా?

మిర్యాలగూడ మిల్లులో ఆరేళ్లుగా పని చేస్తున్నానని, రాత్రి పడుకుంటే చెవిలో గుయ్‌మంటోందని, పరీక్షలో వినికిడి కొంచెం తగ్గిందన్నారని రాశావు. వయసులో నాకన్నా చాలా చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు తమ్ముడూ. నేనూ ఆ ఊళ్లోనే 19 ఏళ్లు మిల్లు ఆపరేటర్‌గా చేశాను. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని తిరుగుతున్నాను.

నీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "మొదట్లో ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది" అన్నావు. నేనూ అదే అనేవాణ్ని. కొత్తగా చేరిన పిల్లలు షెల్లర్ (వడ్ల పొట్టు తీసే మిషన్) దగ్గర చెవులు మూసుకుంటే నవ్వేవాణ్ని కూడా. చెవి రాటుదేలడం అనేది ఉండదు. అరచేతికి కాయ కాస్తుంది గానీ చెవికి కాయదు. చప్పుడు ఇబ్బంది పెట్టట్లేదంటే, దాన్ని పట్టుకునే భాగం కొంత పోయి ఉండొచ్చు.

నాకెలా తెలిసిందో చెప్తాను. ఒకరోజు మా అమ్మాయి "సబ్బు అయిపోయింది నాన్నా" అంది. "డబ్బులు మొన్ననే ఇచ్చాను కదా, అప్పుడే అయిపోయాయా?" అని కసిరాను. ఇల్లంతా నవ్వారు. ఇలాంటివి నాలుగైదు జరిగాక కూడా, పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారనే అనుకున్నాను, నా చెవి మీద అనుమానం రాలేదు. ఎందుకంటే హమాలీల కేకలు, లారీ హారన్లు బాగానే వినపడేవి. మిల్లు చప్పుడు మొదట తీసుకెళ్లేది సన్నటి శబ్దాలను. స, శ, ఫ లాంటి అక్షరాలు, ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు. పొలం దగ్గర కీచురాళ్ల చప్పుడు నాకు ఏ ఏడాది ఆగిపోయిందో ఇప్పటికీ చెప్పలేను.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నటి వెంట్రుక కణాలుంటాయి. మోతకు అవి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. నీ ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) కాగితం తీసి చూడు. 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గీత గుంతలోకి దిగినట్టు పడి, మళ్లీ కొంచెం లేస్తే అది మోత వల్ల వచ్చే గుర్తు. మా అమ్మ నాకు వెల్లుల్లి కాచిన నూనె పోసింది పాపం. ఆ నూనె కర్ణభేరి దాటి లోపలికి వెళ్లదు. కర్ణభేరికి చిల్లు ఉండి వెళ్లిందంటే చీము పట్టే ప్రమాదం ఉంది. కాబట్టి నూనె, పుల్లలు, పిన్నీసులు అన్నీ పక్కన పెట్టు.

ఇక కాపాడుకోవడం. ఇక్కడ లెక్క తెలియాలి. మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటల వరకు ఫర్వాలేదంటారు. అక్కణ్నుంచి 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక్క గంట. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటలకు 90 దాకా ఒప్పుకుంటూ వచ్చాయి, అది కూడా ఎక్కువే. నా ఫోన్ యాప్‌లో షెల్లర్ దగ్గర 94 చూపించేది. యాప్ లెక్క అటూ ఇటూ అయినా, నేను ఆ పక్కన నిలబడింది 12 గంటలు. యాప్ లేకపోయినా, చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ హద్దు దాటినట్టే.

మా ఓనర్ మాకు ఇచ్చింది దూది. దూది దుమ్ముని ఆపుతుందేమో గానీ మోతని పెద్దగా ఆపదు. మెడికల్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, పెద్ద ఖర్చేం కాదు. పెట్టుకోవడంలోనే ఉంది అసలు సంగతి. తవుడు దుమ్ము చేతులతో కాదు, కడుక్కున్నాక ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా చుట్టు. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి ప్లగ్ లోపలికి తోయి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టు. అద్దంలో చూస్తే సగం బయటికి పొడుచుకొచ్చి ఉందంటే సరిగ్గా పెట్టలేదన్నట్టే. మాటిమాటికీ లోపలికీ బయటికీ తిరిగేవాళ్లకు హెడ్‌ఫోన్ లాంటి ఇయర్ మఫ్ నయం, ఎండాకాలం చెమట పోస్తుందనుకో.

"మాట్లాడేటప్పుడు కాసేపు తీస్తే ఏమవుతుంది" అంటారు. 30 డెసిబెల్స్ ఆపే ప్లగ్ అయినా, 8 గంటల్లో ఒక్క గంట తీసేస్తే మొత్తం మీద దక్కే రక్షణ 9 దగ్గరికి పడిపోతుంది. మాట్లాడాలంటే షెడ్డు బయటికి వచ్చి మాట్లాడు. మోగుతున్న బేరింగ్‌ల గురించి, అదిరే రేకుల గురించి మెకానిక్‌కి చెప్తూ ఉండు. వాటికి గ్రీజు, కింద రబ్బరు పడితే చప్పుడు తగ్గుతుంది, ఓనర్‌కీ మిషన్ నాలుగు రోజులు ఎక్కువ ఆడుతుంది.

మిల్లు బయట కూడా చెవికి సెలవివ్వాలి. నేను షిఫ్టు దిగి నేరుగా పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల ముందు ఎగిరిన రోజులున్నాయి. ఇప్పుడు మా ఇంట్లో బరాత్ అయినా నేను చివర నడుస్తాను, జేబులో ప్లగ్స్ ఉంటాయి. ఇయర్‌ఫోన్స్ సౌండ్ 60 శాతం దాటించకు.

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా చెవి సమస్య ఉందని ముందే చెప్పు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, కొన్ని క్యాన్సర్ మందులు వినికిడిని దెబ్బతీయగలవు. అలాగని రాసిచ్చిన మందు నీ అంతట నువ్వు ఆపేయకు. షుగరు, బీపీ, సిగరెట్టు కూడా చెవికి మంచివి కావు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా, ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తు. మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మందు పడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మా తోడల్లుడు గులిమి అడ్డం పడిందనుకుని మూడు వారాలు ఆగాడు. ఆ చెవి ఇక రాలేదు.

ఏడాదికోసారి ఆడియోమెట్రీ చేయించుకో. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగంలో అడుగు, లేదా హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లు. షిఫ్టు దిగి వెంటనే కాదు, రాత్రంతా మోతకు దూరంగా ఉండి పొద్దున్నే వెళ్లాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. కాగితాలన్నీ దాచు. మోత వల్ల పోయిన వినికిడి చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కార్డుంటే దాని గురించి అడగొచ్చు. నా మొదటి రిపోర్టు నేను బీరువా అరలో కాగితంగా పరిచి పోగొట్టాను.

పని మానేయాలా అన్నావు. వెంటనే వద్దు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ముందు ప్లగ్స్ మొదలుపెట్టు, తర్వాత షెల్లర్ దగ్గర్నుంచి డ్రయ్యర్ వైపో, గోదాముకో, కాటా దగ్గరికో మార్చమని అడుగు. నేను 2017లో కాటా దగ్గరికి మారాను, జీతంలో కొంత తగ్గింది. ఆ తర్వాత తీసిన రిపోర్టుల్లో గీత పెద్దగా కిందికి దిగలేదు. గుయ్‌మనడం మాత్రం పోలేదు. నిశ్శబ్దంలో అదే పెద్దగా వినిపిస్తుంది కాబట్టి, చలికాలంలో కూడా ఫ్యాన్ ఒకటో నంబర్ మీద పెట్టుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంటాను. నువ్వూ అలా చేసి చూడు.