సభాకంపం తగ్గడం వేరు, చెప్పడం ఇష్టమవడం వేరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నా వయసు 27 ఏళ్ళు. డీఎస్సీలో ఎంపికై, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా చేరి ఏడాది కావస్తోంది. సబ్జెక్టు మీద పట్టు ఉంది, పిల్లలంటే ఇష్టమూ ఉంది. కానీ రోజూ మొదటి పీరియడ్ గంట మోగగానే గొంతు ఎండిపోతుంది, చేతిలోని చాక్‌పీస్ చెమటకు తడిసిపోతుంది. బీఎడ్‌లో మైక్రో టీచింగ్, టీచింగ్ ప్రాక్టీసు అన్నీ పాఠ్యపథకాన్ని బట్టీపట్టి గట్టెక్కాను. ఇప్పుడు పాఠం చెప్పగలుగుతున్నాను గానీ, చెప్పినందుకు సంతోషం కలగడం లేదు. గంట ఎప్పుడు కొడతారా అని పిల్లలకంటే నేనే ఎక్కువగా ఎదురుచూస్తున్నాను. సభలో వాక్చాతుర్యం ప్రకృతిసిద్ధ గుణమని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నాం. పుట్టుకతో రానిది ఈ వయసులో వస్తుందా? వచ్చే నెలలో మా బడిలో స్వపరిపాలన దినోత్సవం, ఆ బాధ్యత నాకే అప్పగించారు. నాకే లేని ధైర్యాన్ని పిల్లలకు ఎలా ఇవ్వగలను?
– ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో భయం ఒకటి, సంతోషం లేకపోవడం ఒకటి, రెండూ కలగలిసి ఉన్నాయి. భయం పోతే సంతోషం దానంతటదే వస్తుందని మీరు అనుకుంటున్నట్టు కనిపిస్తోంది. 34 ఏళ్ళు ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పిన నా అనుభవంలో మాత్రం ఆ రెండింటి దారులూ వేరు. నలుగురి ముందు నిలబడినప్పుడు గుండె వేగం పెరగడం, లాలాజలం తగ్గి నోరు ఎండిపోవడం, అరచేతులు చెమర్చడం ఎందుకు జరుగుతాయో జీవశాస్త్రం చెప్పే మీకు నేను చెప్పనక్కర్లేదు. పరుగుపందెం గీత దగ్గర నిలబడిన పిల్లవాడి ఒంట్లో జరిగేదీ అదే. నేను పదవీ విరమణ చేయబోయే ఏడాది జూన్‌లో కూడా, కొత్త తరగతి గడప దాటేటప్పుడు నా గుండె దడదడలాడింది. అయినా ఆ గదికంటే ఇష్టమైన చోటు నాకు మరొకటి లేదు. కాబట్టి చెమట ఆరేదాకా సంతోషాన్ని వాయిదా వేసుకోకండి.

ఇక ప్రకృతిసిద్ధం అన్న మాట సంగతి. ఆ పద్యాన్ని నేనూ వల్లె వేశాను, పిల్లలచేత వేయించాను, అందులో చెప్పిన గుణాలన్నిటికీ తలవంచుతాను. ఈ ఒక్క మాటను మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే నాకు ఆ గుణం ఎవరి చేతి మీదుగా వచ్చిందో నాకు బాగా తెలుసు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారు ఒకనాడు ప్రార్థన గంటకు ముందు నన్ను పిలిచి, ఆనాటి పత్రికలోని నాలుగు వార్తలను కాగితం మీద రాసి ఇచ్చి, "ఇవాళ నువ్వు చదువమ్మాయ్" అన్నారు. హాజరు పిలిస్తే జవాబు చెప్పడానికే నోరు పెగలని పిల్లను నేను. ఎదురుగా మూడువందలమంది, మైకు లేదు. మాస్టారు నా పక్కన నిలబడతారనుకున్నాను. ఆయన వరుసలన్నీ దాటుకుని వెళ్ళి ఆవరణ చివర వేపచెట్టు కింద నిలబడ్డారు. నా మాట అక్కడికి వినబడకపోతే భుజం మీది కండువాను ఒక చేత్తో పైకెత్తేవారు, వినబడితే దించేవారు. మొదటిరోజు ఆ కండువా దాదాపు దిగనేలేదు. రెండు వారాలు తిరిగేసరికి నేను ఆ మూడువందలమందినీ పక్కనపెట్టి, వేపచెట్టు కింది మనిషికి వార్తలు వినిపిస్తున్నాను. నా గొంతు ఎలా ఉంది, ఎవరు నవ్వుతున్నారు, ఎక్కడ తప్పుతాను అన్న గొడవంతా పోయి, చెప్పింది అక్కడిదాకా చేరిందా లేదా అన్న ఒక్క విచారమే మిగిలింది.

మరుసటి ఏడాది ఆయన నాకు ఆరో తరగతి పిల్లలు ముగ్గురిని అప్పగించారు. బడి వదిలాక అరగంటసేపు భిన్నాలు చెప్పాలి. భాగహారం దగ్గరికి వచ్చేసరికి, రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలని నేను నేర్చుకున్నట్టే చెప్పాను. ముగ్గురిలోనూ చిన్నపిల్ల, "తలకిందులు ఎందుకు చెయ్యాలక్కా?" అంది. నాకు తెలియదు. పరుగెత్తుకుంటూ మాస్టారి దగ్గరికి వెళితే ఆయన జవాబు చెప్పలేదు. "రేపు చెబుతానని చెప్పిరా, తెలుసని మాత్రం అనకు" అని, మూడు జామకాయలు నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి వాటిని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు ఆ పిల్లను, ఈ మూడు కాయలనూ ఒక్కొక్కరికి సగం చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయని అడిగాను. ఆరుగురికి అంది. మూడును అరతో భాగించడమంటే మూడింటిలో ఎన్ని సగాలున్నాయని అడగడమేననీ, ఒక్కో కాయలో రెండేసి సగాలుంటాయి గనుక మూడును రెండుతో గుణిస్తున్నామనీ చెప్పాను. ఆ పిల్ల కాయల వంక చూస్తూ కాసేపు ఊరుకుని, "అయితే పావు చొప్పున పంచితే పన్నెండుమందికి కదక్కా" అంది. పావు సంగతి నేను చెప్పలేదు. నేను చెప్పని మాట ఆ పిల్ల నోట విన్నప్పుడు కలిగిన సంతోషాన్ని వెతుక్కుంటూనే నా ఉద్యోగమంతా గడిచిందంటే అతిశయోక్తి కాదు.

ఆ మాస్టారు నాకు ఉపన్యాస కళ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఒక చిన్న పని ఇచ్చారు, అది ఉత్తుత్తి పని కాదు. ఆ వార్తలు ఆ పిల్లలకు అప్పటిదాకా తెలియవు, ఆ భిన్నాలు ఆ ముగ్గురికీ నిజంగా రావు. తరవాత, తాను కనిపించేంత దగ్గరలో, అడ్డం రానంత దూరంలో నిలబడ్డారు.

మీకు శిక్షణలో దొరకనిది ఇదేనని నా అభిప్రాయం. మీరు చేసిన మైక్రో టీచింగ్, అంటే సూక్ష్మబోధన, 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పద్ధతి; చిన్న బృందానికి అయిదు పది నిమిషాల పాఠం, ఒక్కసారికి ఒక్కటే నైపుణ్యం, వెంటనే సమీక్ష, సవరించుకుని మళ్ళీ బోధన. ఆలోచన చాలా మంచిది. కానీ మన కళాశాలల్లో తరచుగా అది తోటి బీఎడ్ విద్యార్థుల ముందే జరుగుతుంది. కిరణజన్య సంయోగక్రియ గురించి ముందే తెలిసినవాళ్ళు తెలియనట్టు కూర్చుని, ముందే అనుకున్న ప్రశ్నలకు ముందే అనుకున్న జవాబులు చెబుతుంటే, మీరు చెప్పని మాట ఎవరి నోటనైనా ఎలా వస్తుంది? 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ళ చదువై, అందులో 20 వారాలు పాఠశాలలో గడపాలన్న నియమం వచ్చింది. ఆ వారాల్లో వెనక బెంచీ మీద కూర్చుని శ్రద్ధగా చూసే సీనియర్ దొరికినవాళ్ళు ధన్యులు; మీకు దొరికినట్టు లేదు, అందులో మీ తప్పేమీ లేదు.

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం మన వీధిబడుల్లో పూర్వం మామూలు సంగతి. 1823లో బళ్ళారి కలెక్టరుగా ఉన్న క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు కూడా, తన జిల్లాలోని బడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. మొత్తం 533 బడులని, వాటిలో 226 తెలుగు బడులని అందులో లెక్క చెప్పాడు. చదువులో ముందున్నవారిచేత వెనకున్నవారికి చెప్పించడం, ఆ చెప్పడంలో వాళ్ళ చదువూ గట్టిపడటం మెచ్చదగినదనీ, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం తగినదేననీ రాశాడు. ఆ అనుకరణకు మూలం కూడా మన వైపే ఉంది. మద్రాసులో సైనికుల అనాథ బాలుర శాలకు పర్యవేక్షకుడిగా ఉన్న ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన శాలలో పెద్ద పిల్లలచేత చెప్పించి, 1797లో లండనులో ఆ వివరాలు అచ్చు వేయించాడు; అది మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే అక్కడ వ్యాపించింది. ఇసుకలో దిద్దించిన ఆ పిల్లల్లో ఎవరికీ వాక్చాతుర్యం ఉందా లేదా అని పరీక్ష పెట్టి ఉండరు. పక్కవాడికి అక్షరం రావాలి, వీడికి వచ్చు, కూర్చుని చెప్పాడు.

ఈ వయసులో వస్తుందా అని అడిగారు. గాంధీగారు 1891లో బారిస్టరై తిరిగి వచ్చాక బొంబాయిలో పట్టిన మొదటి కేసులో, సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, ఒక్క ప్రశ్న కూడా తోచక కూర్చుండిపోయారు. కక్షిదారుకు 30 రూపాయల ఫీజు తిరిగి ఇచ్చేశారు. ఆ మనిషే 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు వ్యాపారంలో సత్యం గురించి మాట్లాడారు. తన తొలి బహిరంగ ప్రసంగంగా ఆయన చెప్పుకున్నది దాన్నే. ఆ సభ తర్వాత, ఇంగ్లీషు నేర్చుకోవాలనుకున్నవాళ్ళకు నేర్పుతానని ముందుకొచ్చి, ఒక క్షురకుడికీ, ఒక గుమాస్తాకూ, ఒక చిన్న దుకాణదారుకూ వాళ్ళ చోటికే వెళ్ళి కొన్ని నెలలపాటు పాఠాలు చెప్పారు. వాళ్ళు పనిలో ఉంటే ఓపిగ్గా ఆగేవారు. కోర్టులో ఆయన దృష్టంతా తన మీద ఉంది, ప్రిటోరియాలో ఎదుటివారి అవసరం మీదికి మళ్ళింది. నేను ఆ రెండు ఘట్టాలనూ ఇలా అర్థం చేసుకున్నాను.

మీరు రేపటినుంచి చేయగలిగింది చెబుతాను. మీ బడిలోనే, పిల్లలు ఇష్టపడే సీనియర్ ఒకరు తప్పక ఉంటారు, ఏ సబ్జెక్టువారైనా సరే. వారిని వారానికి ఒక్క పీరియడ్ మీ తరగతిలో వెనక కూర్చోమని అడగండి. అడిగేటప్పుడు "నా బోధన ఎలా ఉందో చూడండి" అనకండి, ఆ మాటతో మళ్ళీ పరీక్ష మొదలవుతుంది. "నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో చూసి చెప్పండి సార్" వంటి ఒక్క పని అప్పగించండి. కొత్తలో మనం రెండు క్షణాలు కూడా ఆగలేక మన జవాబు మనమే చెప్పేస్తాం. కొన్నాళ్ళయ్యాక చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక మోడల్ లెసన్ మీరే అడిగి తీసుకోండి.

పాఠ్యపథకం బట్టీ పట్టడం మానేసి, మొదటి రెండు నిమిషాలు మాత్రం గట్టిగా సిద్ధం చేసుకోండి. పువ్వు భాగాలు చెప్పే రోజున బెంచీకి ఒక మందార పువ్వు పంచి, మీరేమీ చెప్పకుండా, లోపలి గొట్టం చివర ఎర్రటి చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. నలభై తలలు ఒక్కసారి పువ్వుల మీదికి వంగుతాయి. మీ మీద ఒక్క చూపు కూడా ఉండదు. ఆ కాసేపట్లో మీ ఊపిరి కుదుటపడుతుంది. అయిదు అని ఒకరు అరుస్తారు, నా పువ్వుకు నాలుగే అని మరొకరు పేచీ పెడతారు. అవి కీలాగ్రాలని మీరు చెప్పేసరికి, ఆ పేరు తెలుసుకోవాల్సిన అవసరం వాళ్ళకు పుట్టి ఉంటుంది.

పిల్లలే ఉపాధ్యాయులై బడి నడిపే స్వపరిపాలన దినోత్సవం మీకు వచ్చిన గొప్ప అవకాశం. చాలా బడుల్లో ఆ రోజు చీరలు, కళ్ళజోళ్ళు, ప్రధానోపాధ్యాయుడి కుర్చీ, డీఈఓ వేషం, ఫొటోలు, పది నిమిషాల అప్పజెప్పుడుతో ముగిసిపోవడం చూసి నేను బాధపడేదాన్ని. మీరు పది రోజుల ముందే పిల్లల్ని పిలిచి, "మీకు ఒకప్పుడు అర్థం కాక, తర్వాత అర్థమైన విషయం ఏది?" అని అడగండి, ఒక్కొక్కరూ దాన్నే, తమకంటే చిన్న తరగతికి చెప్పాలి. బాగా మాట్లాడేవాళ్ళనే ఏరకండి. అసలే నోరు విప్పని పిల్లలకు ముందు వారమంతా ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే పని ఇవ్వండి. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు రాసిన ఆ ప్రతిజ్ఞకంటే తొలి మెట్టుగా మెత్తనిది నాకు కనబడదు. ఒక్క వాక్యం అనగానే బడి అంతా తిరిగి అంటుంది, బుర్రకథకుడికి వంతల్లాగా. తన గొంతుకు అంతమంది బదులు పలుకుతారని ఆ పిల్లకు చెవులారా తెలుస్తుంది. ఆ రోజు మీరు వెనక బెంచీలో కూర్చోండి. తప్పు చెబితే అందరి ముందు సరిదిద్దకండి. అయిపోయాక, "నిన్ను ఎవరైనా ఏమైనా అడిగారా? అప్పుడు నువ్వేం చెప్పావు?" అని మాత్రం అడగండి. మీకు చిన్నప్పుడు దొరకని మనిషి ఆ పిల్లలకు మీలో దొరుకుతారు. అలా నిలబడటంలో మీ భయం సంగతి మీకే గుర్తుండదని నా నమ్మకం.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడతాడు. బడిలో ఇంగ్లీషు వక్తృత్వ పోటీలో సగంలో మరిచిపోయి దిగివచ్చాడు. అప్పటినుంచి స్టేజీ మాటెత్తితే చాలు ముడుచుకుపోతున్నాడు. పబ్లిక్ స్పీకింగ్ తరగతుల్లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ ప్రసంగం వాడిది కాదు, ఎవరో రాసిచ్చినది అయి ఉంటుంది. బట్టీ పట్టిన వాక్యాల్లో ఒకటి జారితే వెనకవన్నీ జారిపోతాయి. ఒక ఏడాది పోటీల ఊసెత్తకండి, ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళ ముందు ఏదైనా చెప్పమని నిలబెట్టకండి. వాడికి నచ్చిన ఆట ఏదో, దాని నియమాలు నానమ్మకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పమనండి. ఆవిడను అడ్డు ప్రశ్నలు వేయమనండి, మీరు మాత్రం మధ్యలో అందుకోకండి. చెప్పడం రుచి తెలిశాక ఇంగ్లీషులోకి తనే వెళతాడు. ఆనాటి పోటీ సంగతి వాడు తనంతట తాను ఎత్తిన రోజున, ఎక్కడ ఆగిపోయాడో అడిగి, ఆ తర్వాత ఏం చెప్పాలనుకున్నాడో చివరిదాకా వినండి.