వదిలేసిన పుంజు మీ గుమ్మంలోకి వస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మూడు రోజులుగా మా వీధిలో ఒక పెంపుడు పుంజు తిరుగుతోంది. దగ్గరకు వస్తుంది గానీ చేతికి చిక్కదు. పట్టుకుని మా నాలుగు పెట్టలతో కలిపేయొచ్చా?

జవాబు: వదిలేసినదో, తప్పించుకొచ్చినదో ముందు చుట్టుపక్కల వాకబు చేయండి. కాలికి రింగు ఉంటే దాని మీది అంకె రాసిపెట్టుకోండి.

పగలు వెంటపడితే అది బెదరడమే తప్ప చిక్కదు. పొద్దుగూకాక ఎక్కడ ఎక్కి పడుకుంటుందో చూసి పెట్టుకోండి. కోడికి చీకట్లో చూపు ఆనదు. రెండు అరచేతులతో రెక్కలను ఒంటికి ఆనించి నెమ్మదిగా ఎత్తండి. రొమ్మును మాత్రం అదమకండి. ఊపిరి తీసుకోవడానికి మనకున్నట్టు కోడికి పొట్టకీ రొమ్ముకీ మధ్య కండరాల పొర లేదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే ప్రాణం పోవచ్చు. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసినా ఊపిరికి ఇబ్బందే.

పెట్టలతో కలపడం 30 రోజుల దాకా వద్దు. వేరే గూడు, వేరే గిన్నెలు, ఆ గూటి దగ్గరికి వేరే చెప్పులు. రోజూ ముందు పెట్టల పని ముగించి, తర్వాతే పుంజు దగ్గరికి వెళ్లండి. ఈ వరస తప్పితే రోగాన్ని మీరే మోసుకెళ్లినట్టు. ముక్కు కారడం, గురక, ఆకుపచ్చ నీళ్ల రెట్ట, మెడ మెలి తిరగడం కనిపిస్తే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. పుంజును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని రెట్టలో సాల్మొనెల్లా అనే, మనకు విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు.

ప్రశ్న: దొరికిన పుంజు చిక్కిపోయినట్టుంది. ఒంట్లో ఏమేం చూడాలి? ఏం మేపాలి?

జవాబు: కంటిని నమ్మకండి, ఈకలు మోసం చేస్తాయి. రొమ్ము మధ్య ఎముకను వేళ్లతో తడమండి. రెండు వైపులా కండ నిండుగా తగిలితే ఫరవాలేదు. కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా తిండి లేదని. మెడ మొదట్లో ఉండే మేత సంచి రాత్రికి నిండి, తెల్లారేసరికి ఖాళీ కావాలి. పొద్దున్నే ముట్టుకుంటే ఇంకా గట్టిగా ఉన్నా, నోట్లోంచి పులిసిన వాసన వస్తున్నా ఇంటి వైద్యం చేయకండి.

తోక కింద ఈకలు విడదీసి చూడండి. ఈక మొదళ్లలో తెల్లగా గుత్తులు కట్టి ఉంటే అవి పేల గుడ్లు. పక్షులకు వాడదగ్గ పొడి మందు చల్లి, 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ చల్లాలి. గుడ్లు మొదటి మందుకు చావవు కాబట్టి రెండో విడత మానేస్తే మొదటిది దండగే. కాళ్ల పొలుసులు పైకి లేచి, సున్నం పట్టినట్టు ఉంటే వాటి కింద పురుగు చేరింది. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆరాక పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించండి. వారానికి రెండుసార్లు చేసినా కొత్త పొలుసు రావడానికి నెలలు పడుతుంది. పాతది పీకితే నెత్తురు వస్తుంది. కిరోసిన్ పూస్తే చర్మం కాలుతుంది.

మేత దగ్గర చాలామంది చేసే పొరపాటు గుడ్లు పెట్టే కోళ్ల దాణా వేయడం. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. పుంజుకు 1 శాతం చాలు, మిగిలిన భారమంతా కిడ్నీల మీదే. ఎదిగే కోళ్లకు వేసే గ్రోయర్ దాణా రోజుకు 100 నుంచి 150 గ్రాములు పెట్టండి. బాగా చిక్కినదైతే మొదటి రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు. పెట్టలతో కలిశాక అన్నిటికీ ఇదే వేసి, కాల్షియం కోసం గుల్ల ముక్కలు వేరే గిన్నెలో ఉంచితే పెట్టలు కావలసినంత తింటాయి.

ప్రశ్న: తెల్లవారుజామున 3 గంటలకే కూస్తోంది. మెడకు పట్టీ కడితే ఆగుతుందా?

జవాబు: పట్టీ వద్దు. బిగిస్తే ఊపిరాడదు, వదులైతే గోరో ముక్కో ఇరుక్కుంటుంది. కూత లోపలి గడియారం పని. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజులను ఎప్పుడూ మసక వెలుతురులోనే ఉంచి చూస్తే, తెల్లవారే వేళకు ముందే కూశాయి (2013). వీధి దీపాలు, పక్కింటి పుంజు కూత దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. రాత్రిపూట చీకటి పెట్టెలో పడుకోబెట్టండి. నిలబడగలగాలి, మెడ సాచి కూసేంత ఎత్తు ఉండకూడదు, గాలి బాగా ఆడాలి. చప్పుడు తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. ఎండాకాలం ఈ పెట్టె ఉక్కపోతకు ప్రమాదం.

ప్రశ్న: తన్నుతోంది. కాలి ముల్లు కోసేయొచ్చా?

జవాబు: మొదలంటా కోయకండి, లోపల ఎముక, నెత్తుటి నాళాలు ఉంటాయి. మొనను మాత్రం ఆకురాయితో మొద్దు చేయండి.

ప్రశ్న: మేం ఉంచుకోలేం. ఎవరికి ఇవ్వాలి?

జవాబు: ప్రకటనలో ‘ఉచితం’ అని రాస్తే ముందుగా వచ్చేది పందేల వాళ్లే. తీసుకునేవారి చోటు స్వయంగా చూడండి. చూపించనంటే ఇవ్వకండి. ఎన్ని పెట్టలున్నాయో అడగండి. ఒక పుంజుకు 8 నుంచి 10 ఉండాలి, తక్కువైతే పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోతాయి. ఇప్పటికే పుంజు ఉంటే పోట్లాట ఖాయం. గూటికి మామూలు కోళ్ల వల సరిపోదు, కుక్క చింపేస్తుంది. 12 మిల్లీమీటర్ల కళ్లున్న గట్టి జాలీ కావాలి. తన్నే అలవాటు ఉంటే దాచకండి, వాడిన మందుల పేర్లు, తేదీలు రాసివ్వండి. గాలి రంధ్రాలున్న పెట్టెలో చల్లటి పూట ఒంటరిగా పంపండి. అక్కడ వారం పది రోజులు జాలీకి అటూ ఇటూ ఉంచి కలపమనండి. పొసగకపోతే వెనక్కి తీసుకుంటామని ముందే చెప్పండి.